మరమ్మతుకు మన్నన ఏదీ?

మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. కంటికి ఆనని ఈ కొలత ఒక పాత కారు ఆయుష్షును నిర్ణయిస్తుంది. ఇంజన్‌పై బిగించే అల్యూమినియం సిలిండర్ హెడ్ అడుగుభాగం ఆ మాత్రం వంగితే చాలు, మండే వాయువులు ఒకవైపు, చల్లార్చే నీరు మరోవైపు దారి వెతుక్కుంటాయి. బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. ఇక దాని ముందు మిగిలేవి రెండే తోవలు. ఒకటి లేత్ షాపుకు, రెండోది తుక్కు కొట్టుకు.

గుజరాత్‌లోని సూరత్‌లో ఉధ్నా, పాండేసరా వంటి పారిశ్రామిక వాడలు మొదటి తోవకు అలవాటుపడినవి. పాత యంత్రాన్ని పారవేయడం కన్నా బాగుచేసుకోవడమే అక్కడి చిన్న పరిశ్రమకు అన్నం పెట్టింది. కాని దేశ విధానం మాత్రం రెండో తోవకే దీపాలు పెడుతున్నది. పాత వాహనాన్ని తుక్కుకు ఇచ్చినవాడికి పన్ను రాయితీ ప్రకటించి, దానినే చక్కగా బాగుచేసుకుని వాడుకునేవాడి నుంచి హెచ్చు రుసుం గుంజడం ఏ ఆర్థిక శాస్త్రమో పాలకులే చెప్పాలి. మరమ్మతు అనేది పేదరికపు లక్షణం కాదు, అదొక జాతీయ సంపద. ఈ సంగతిని విధానకర్తలు ఇంకా గుర్తించకపోవడం విచారకరం.

తలకు దెబ్బ తగిలే తీరు

ఈ సమస్యను అర్థం చేసుకోవడానికి ప్రీమియర్ పద్మినిని మించిన ఉదాహరణ లేదు. ముంబయిలోని కుర్లా కర్మాగారంలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ ఇటలీకి చెందిన ఫియట్ పరిజ్ఞానంతో తయారుచేసిన ఈ కారు 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా రంగంలోకి వచ్చి, 1970 దశకంలో పద్మిని అనే పేరు తెచ్చుకున్నది. దాని ఇంజన్ సామర్థ్యం 1089 సీసీ. బ్లాకు పోత ఇనుముది, హెడ్ మాత్రం అల్యూమినియంది. అదే కాలంలో రోడ్లను ఏలిన అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌లో బ్లాకూ, హెడ్డూ రెండూ పోత ఇనుమువే.

అల్యూమినియం తేలిక. వేడిని పోత ఇనుము కన్నా ఎన్నో రెట్లు త్వరగా బయటకు పంపుతుంది. ఇవి దాని గుణాలు. వేడెక్కితే ఇనుముకు దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఇది దాని దోషం. కిందనున్న ఇనుప బ్లాకు ఒక లెక్కన సాగుతుంటే, పైనున్న హెడ్ మరో లెక్కన సాగాలని చూస్తుంది. బోల్టులు దానిని కదలనీయవు. మధ్యన ఉన్న పలుచని గాస్కెట్ ఈ పెనుగులాటనంతా భరించాలి. రేడియేటరులో నీరు తగ్గినా, పంపు పనిచేయకపోయినా హెడ్ నడిమి భాగం మితిమీరి కాగి ఉబుకుతుంది. చల్లారిన తర్వాత కూడా ఆ వంపు పూర్తిగా పోదు. వాల్వు గూళ్ల నడుమ సన్నని పగులు తొంగిచూస్తుంది.

దీనికి తోడు నీటి సమస్య ఒకటి ఉన్నది. తగిన కూలెంట్ పోయవలసిన రేడియేటరులో చేతికందిన బోరు నీరు పోయడం మన దేశంలో పాత అలవాటు. సూరత్ వంటి సముద్రతీర ప్రాంతాల భూగర్భ జలాలలో లవణాలు ఉండటం సహజం. ఉప్పు కలిసిన నీటిలో ఇనుము, అల్యూమినియం పక్కపక్కన ఉంటే బ్యాటరీలో జరిగినట్లే చర్య జరిగి, రెండింటిలో బలహీనమైన అల్యూమినియం కరిగిపోతుంది. నీటి దారుల అంచులు చెదలు తిన్న కర్రలా తయారవుతాయి. కొద్దిపాటి ఖర్చుతో పోసుకోవలసిన కూలెంట్‌ను మిగుల్చుకోబోయి ఇంజన్‌కే ఎసరు తెచ్చుకోవడం గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమే.

పరీక్షే సగం వైద్యం

దెబ్బతిన్న హెడ్‌ను బాగుచేయడం మొరటు పని అనుకుంటే పొరపాటు. ఇంజన్ పూర్తిగా చల్లారిన తర్వాతనే బోల్టులు విప్పాలి. అదీ చివరల నుంచి మధ్యకు, కొద్దికొద్దిగా, వంతులవారీగా విప్పాలి. లేకపోతే అప్పటివరకు వంగని హెడ్ కూడా విప్పడంలోనే వంగిపోతుంది. మసిని వదిలించడానికి పోత ఇనుముకు వాడే కాస్టిక్ సోడా తొట్టెలో దీనిని ముంచకూడదు. కాస్టిక్ మసితోపాటు అల్యూమినియాన్ని కూడా తినేస్తుంది.

శుభ్రపరచిన తర్వాత సరళమైన ఉక్కు బద్దను అడుగుభాగంపై నిలువుగా, అడ్డంగా, మూలలకు ఆనించి, దాని కింద సన్నని ఫీలర్ గేజి రేకులు దూర్చి వంపును కొలుస్తారు. చాలా ఇంజన్లకు 0.05 మిల్లీమీటర్లు దాటితే చదును చేయవలసిందే. ఇనుములో పగుళ్లు పట్టడానికి వాడే అయస్కాంత పరీక్ష ఇక్కడ పనికిరాదు. అల్యూమినియం అయస్కాంతానికి లొంగదు. అందుచేత రంగు ద్రావణం పూసి, తుడిచి, తెల్లని పొడి చల్లుతారు. పగులులో దాగిన రంగు తెలుపు మీద గీతలా బయటపడుతుంది. లోపలి నీటి గదుల సంగతి తేల్చడానికి రంధ్రాలన్నీ మూసి, వేడినీటిలో ముంచి, గాలి పట్టిస్తారు. బుడగ ఎక్కడ లేస్తే జబ్బు అక్కడ ఉన్నట్లు. ఇవేకాక లోహపు గట్టిదనం కూడా చూడాలి. మితిమీరి కాగిన అల్యూమినియం మెత్తబడిపోతుంది. మెత్తబడిన హెడ్‌ను ఎంత చదును చేసినా బోల్టుల బిగువుకు నిలవదు.

పగులు చిన్నదై, లోహం ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఆర్గాన్ వెల్డింగుకు పూనుకోవాలి. పగులును చివరల దాకా తవ్వి తీసి, హెడ్ మొత్తాన్ని కొలిమిలో సమంగా వేడిచేసి, తగిన పూరక తీగతో నింపి, నెమ్మదిగా చల్లారనివ్వాలి. తొందరపడి నీళ్లు చల్లితే పాత పగులు పక్కనే కొత్త పగులు పుడుతుంది. వెల్డింగు తర్వాత వాల్వు గూళ్లను కొత్తగా అమర్చి, గైడ్లు సరిచూసి, అడుగుభాగాన్ని మిల్లింగు యంత్రంపై అత్యల్పంగా చెక్కాలి. ఎక్కువగా చెక్కితే దహన గది కుదించుకుపోయి, ఒత్తిడి నిష్పత్తి పెరిగి, ఇంజన్ కొట్టుకోవడం మొదలుపెడుతుంది. చివరగా టార్క్ రెంచితో మధ్య నుంచి చివరలకు నిర్ణీత క్రమంలో బిగించాలి. పాత తరహా గాస్కెట్లు వేసినప్పుడు కొంత దూరం నడిచాక, ఇంజన్ చల్లారిన వేళ మరోసారి బిగువు చూడాలి.

పద్మినిలో కామ్ షాఫ్టు బ్లాకులోనే ఉంటుంది కనుక హెడ్ అడుగును చదును చేస్తే చాలావరకు సరిపోతుంది. 1983 డిసెంబరులో వచ్చి, 2014లో ఉత్పత్తి ఆగిపోయిన మారుతీ 800 సంగతి వేరు. దాని కామ్ షాఫ్టు హెడ్‌పైనే తిరుగుతుంది. హెడ్ వంగితే ఆ షాఫ్టు తిరిగే గూళ్లు కూడా వరుస తప్పుతాయి. అడుగు చెక్కి ఊరుకుంటే పై వంపు అలాగే ఉండి షాఫ్టు పట్టేస్తుంది. ముందు హెడ్‌ను వేడిచేసి తిన్నగా చేయాలి, ఆ తర్వాతే చెక్కాలి. ఇంత వివేచన కావలసిన పనిని పుస్తకం చదవని చేతులు కూడా అనుభవంతో నేర్చుకుని చేస్తున్నాయి. ఆ చేతులకు ఒక యోగ్యతాపత్రం, ఒక గౌరవం ఉన్నాయా అంటే లేవనే చెప్పాలి.

మరమ్మతు పేరిట మోసం

అయితే మరమ్మతును ఆకాశానికి ఎత్తేసి ఊరుకోవడం న్యాయం కాదు. పగులుపై జిగురు ముద్ద పూసి, రేడియేటరులో కారుడు ఆపే పొడి పోసి, నాలుగు రోజులు నడిస్తే చాలునన్నట్లు బండిని అప్పగించే షెడ్లు ప్రతి ఊరిలోనూ ఉన్నాయి. కొలత తీయకుండానే చెక్కేవారు, టార్క్ రెంచి లేకుండా భుజబలంతో బిగించేవారు కొల్లలు. హెడ్ పనికిరాదని తెలిసి కూడా కూలి కోసం వెల్డింగు చేసేవారు లేకపోలేదు. ఇటువంటి పని వల్ల నష్టపోయిన యజమాని ఇక మరమ్మతు మీదనే విశ్వాసం కోల్పోతాడు. తుక్కు కొట్టువాడు కిలోల లెక్కన చెప్పిన ధరకు తల ఊపుతాడు. నాసిరకం మరమ్మతే నిజమైన మరమ్మతుకు తొలి శత్రువు. దానిని అరికట్టే ప్రమాణాలు లేకపోవడం పనివాని తప్పు కాదు, పాలన తప్పు.

సూరత్ నేర్పే పాఠం

సూరత్ ఆర్థిక వ్యవస్థను తరచి చూస్తే మరమ్మతు విలువ స్పష్టమవుతుంది. తెలంగాణ జిల్లాల నుంచి, ముఖ్యంగా పద్మశాలి కుటుంబాల నుంచి బతుకుతెరువు కోసం వేలాదిమంది తరతరాలుగా అక్కడికి వలసపోయారు. నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతోపాటు తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతున్నదంటే అక్కడి తెలుగువారి సంఖ్య ఎంతటిదో ఊహించవచ్చు. సిరిసిల్లలో సాంచెలని పిలిచే మరమగ్గాలే వారి జీవనాధారం. ఒకచోట వాడిన మగ్గం మరొకచోటికి చేరి, విరిగిన పోత ముక్క అతుక్కుని, అరిగిన పళ్ల చక్రం మార్చుకుని మళ్లీ బట్ట నేస్తుంది. వయసు మీరిందని ఆ మగ్గాలన్నింటినీ ఒక్క కలంపోటుతో తుక్కు చేసి ఉంటే సూరత్ బట్టల బజారు ఈనాటి స్థితికి వచ్చి ఉండేదా?

2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో తపతీ నది ఉప్పొంగి నగరంలో అత్యధిక భాగాన్ని ముంచెత్తింది. ఇళ్ల ముందు, సెల్లార్లలో నిలిపిన వాహనాలు బురదనీటిలో మునిగాయి. మునిగిన ఇంజన్ పాడయ్యేది చాలావరకు వరదవల్ల కాదు, వరద తర్వాత చేసే తొందరపాటు వల్ల. సిలిండరులో నీరు ఉండగా తాళం తిప్పితే నీరు కుదించుకోదు కనుక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, హెడ్ గాస్కెట్ చిట్లుతుంది. ప్లగ్గులు విప్పి, నీరు తోడి, హెడ్ తీసి ఆరబెట్టిన ఇంజన్ బతుకుతుంది. అదే బురదను వారాల తరబడి వదిలేస్తే అల్యూమినియం గుంటలు పడుతుంది. సకాలంలో దొరికిన ఒక మెకానిక్ సలహా ఒక కుటుంబం వాహనాన్ని నిలబెట్టగలదు. వరదలు ఏటా ఏదో ఒక నగరాన్ని ముంచుతున్న కాలంలో విపత్తు సహాయ ప్రణాళికల్లో మెకానిక్‌కు స్థానం లేకపోవడం ఆలోచించవలసిన విషయం.

తుక్కుకు తాయిలం, బాగుచేతకు భారం

ఇక విధానం సంగతి చూద్దాం. 2021 ఆగస్టు 13న గుజరాత్‌లో జరిగిన పెట్టుబడిదారుల సదస్సులో ప్రధాని జాతీయ వాహన తుక్కు విధానాన్ని ప్రారంభించారు. ప్రైవేటు వాహనాన్ని వయసును బట్టి కాక, యోగ్యతా పరీక్షను బట్టి నిర్ణయిస్తామన్నది దాని ప్రకటిత సూత్రం. సూత్రం మంచిదే. ఆచరణలో త్రాసు ఎటు మొగ్గిందో అంకెలే చెబుతాయి. పాత బండిని తుక్కుకు ఇచ్చి కొత్తది కొంటే ప్రైవేటు వాహనానికి రహదారి పన్నులో 25 శాతం వరకు రాయితీకి వీలు కల్పించారు. పదిహేనేళ్లు నిండిన కారు రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించుకోవడానికి అంతకు ముందు 600 రూపాయలున్న రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు చేశారు. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దానిని 10,000 రూపాయలకు పెంచారు. పరీక్షలో నెగ్గిన బండికీ ఇదే భారం. యోగ్యతే కొలమానమైతే యోగ్యత నిరూపించుకున్నవాడికి శిక్ష ఎందుకు?

యాభై ఏళ్లు దాటిన వాహనాలను పురాతన వాహనాలుగా గుర్తించే నిబంధనలు 2021 జులైలో వచ్చాయి. 20,000 రూపాయల రుసుముతో ప్రత్యేక నంబరు ఇస్తారు. వాహనం మూల రూపంలో ఉండాలని, చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు జరగరాదని షరతు. అంటే పాత హెడ్‌ను తీసి మరో బండి ఇంజన్ దించితే ఆ గుర్తింపుకే ఎసరు వస్తుంది. మూల హెడ్‌ను బాగుచేయగల పనివాడే ఈ పురాతన సంపదకు అసలైన కాపరి అన్నమాట. మరి 1985 నాటి పద్మిని మాటేమిటి? అది ముసలిదే కాని పురాతనం కాదు. ప్రదర్శనకు పనికిరాదు, రాయితీకి నోచుకోదు. ముంబయిలో 2003 అక్టోబరు 29న రిజిస్టరైన చివరి పద్మిని టాక్సీ ఇరవై ఏళ్ల గడువు తీరి 2023 అక్టోబరు చివరన సెలవు తీసుకున్నది. దాని ఇంజన్ ఆరోగ్యంతో నిమిత్తం లేకుండా క్యాలెండరే తీర్పు చెప్పింది.

పాత కార్లు కాలుష్యకారకాలన్న వాదన తోసిపుచ్చదగినది కాదు. ఉత్ప్రేరక పరికరం లేని ఇంజన్ కిలోమీటరుకు విడుదల చేసే పొగ కొత్త కారు కన్నా చాలా ఎక్కువ. రోజంతా నగరంలో తిరిగే టాక్సీకి, కాలం చెల్లిన లారీకి కఠిన నిబంధనలు ఉండవలసిందే. కాని నెలకు ఒకటి రెండుసార్లు బయటకు వచ్చే ఇంటి కారును అదే గాట కట్టడం సబబు కాదు. పైగా వంగిన హెడ్‌తో నీరు, నూనె తాగుతూ నడిచే బండి కన్నా బాగుచేసిన బండి పొగ తక్కువ వదులుతుంది. లెక్కలో మరో కోణం కూడా ఉన్నది. ఖనిజం నుంచి కిలో అల్యూమినియం తీయడానికి సుమారు 14 యూనిట్ల విద్యుత్తు కావాలి. తుక్కును కరిగించి తిరిగి వాడితే అందులో దాదాపు ఇరవయ్యో వంతు శక్తి చాలు. కరిగించకుండా ఉన్నదానినే బాగుచేస్తే ఆ ఖర్చు కూడా నామమాత్రమే. తుక్కు చేయడం పొదుపే, మరమ్మతు అంతకు మించిన పొదుపు.

కొత్త సవాళ్లు కూడా ఎదురవుతున్నాయి. పెట్రోలులో ఇథనాల్ కలపడం 2025 నాటికి 20 శాతానికి చేరింది. కార్బురేటరును అందుకు తగినట్లు సరిచేయకపోతే పాత ఇంజన్‌లో మిశ్రమం పలచబడి వేడి పెరుగుతుంది. ఆ వేడి నేరుగా తగిలేది హెడ్‌కే. ఈ సంగతి యజమానికి చెప్పేవారు ఎవరు? చెప్పగల మెకానిక్‌కు ఆ సమాచారం అందించేవారు ఎవరు?

చేయవలసినది ఏమిటి?

విడిభాగాలను, పరీక్షా పరికరాలను స్వతంత్ర మెకానిక్‌లకు అందనీయడం లేదంటూ కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలపై మొత్తం 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. వ్యవహారం అప్పీళ్ల దారి పట్టింది. మరమ్మతు హక్కుపై కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో సంఘం నియమించి, ఆ డిసెంబరు 24న ఒక పోర్టల్ ప్రారంభించింది. ఆ జాబితాలో వాహనాలు కూడా చేరాయి. అయితే పోర్టల్‌తో హెడ్ చదును కాదు. దానికి పనివాడు కావాలి, పరికరం కావాలి, ప్రమాణం కావాలి.

ఐటీఐలలో అల్యూమినియం వెల్డింగు, పగుళ్ల పరీక్ష, హెడ్ చదును చేయడం ప్రత్యేక అంశాలుగా నేర్పాలి. బడికి వెళ్లకుండా పని నేర్చిన మేస్త్రీలకు, 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలోని పూర్వ నైపుణ్య గుర్తింపు ద్వారా యోగ్యతాపత్రాలు ఇవ్వాలి. మరమ్మతుకు ముందు కొలత ఎంత, తర్వాత ఎంత, ఎంత మేర చెక్కారు, పగులు పరీక్షలో ఏం తేలింది అన్న వివరాలు రాసి ఇవ్వడం తప్పనిసరి చేయాలి. ఒక్క కాగితం ముక్కతో మోసగాడు, నిపుణుడు వేరుపడతారు. ఉత్పత్తి ఆగిపోయిన వాహనాల కొలతలు, మరమ్మతు పుస్తకాలు అందరికీ అందుబాటులోకి తేవాలి. యోగ్యతా పరీక్షలో నెగ్గిన పాత కారుకు రుసుం తగ్గించాలి. పదిహేనేళ్లకూ యాభై ఏళ్లకూ నడుమ చిక్కుకున్న వాహనాలకు పరిమిత వినియోగంతో ప్రత్యేక తరగతి ఏర్పరచాలి. వీటిలో ఖజానాను గుల్లచేసే పని ఒక్కటీ లేదు. స్వీడన్ వంటి సంపన్న దేశమే 2017లో సైకిళ్లు, చెప్పులు, దుస్తుల మరమ్మతుపై పన్నును 25 నుంచి 12 శాతానికి తగ్గించింది. ఆ పొదుపు తెలివి మనకు బొత్తిగా పనికిరాదా?

బాగుచేత అంటే ఏమిటో సూరత్ నగరమే ఒకసారి దేశానికి చూపింది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది మంది ఆ నగరాన్ని విడిచి పారిపోయారు. ఇక ఆ ఊరు బాగుపడదని పెదవి విరిచినవారే ఎక్కువ. మరుసటి సంవత్సరం నగరపాలక కమిషనరుగా వచ్చిన తెలుగువాడు ఎస్.ఆర్.రావు కొత్త నగరం కట్టలేదు. అధికారులను గదులు వదిలి రోజూ వీధుల్లోకి నడిపించారు. ఎక్కడ కాలువ పూడిందో, ఎక్కడ చెత్త పేరుకున్నదో చూసి, ఉన్నదానినే సరిచేయించారు. రెండేళ్లు తిరిగేలోగా సూరత్ దేశంలోని పరిశుభ్ర నగరాల సరసన నిలిచింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తో కలిసి ప్రథమ స్థానం పంచుకున్నది.

జబ్బు ఎక్కడుందో కొలిచి చూడటం, బాగయ్యేదానిని బాగుచేయడం, కానిదానిని నిజాయితీగా కాదనడం. నగరానికైనా, ఇంజన్‌కైనా సూత్రం ఇదే. తుక్కు విధానం రాసినవారు ఆ సూత్రంలోని చివరి భాగాన్ని మాత్రమే చదివినట్లు కనిపిస్తున్నది. మిగిలిన భాగాన్ని కూడా వారు చదివే రోజు రావాలి. అంతలోగా పనివాడు లేత్ షాపు కట్టి వెళ్లిపోతే, ఆ తర్వాత ఎంత రాయితీ ఇచ్చినా ఆ విద్య తిరిగి రాదు.